పొట్లాలైపోయిన సముద్రపు ఊళ్లు

నా చిన్నప్పుడు ఇంగ్లండు సముద్రం ఒడ్డున ఉండే ఊళ్లు మా భీమడోలులో ఇంటికొకటి చొప్పున ఉండేవి. ఉన్నది రెండంటే రెండు రోజులే లెండి. ఒక ఊరు దర్జీ గారింట్లో జీలకర్ర డబ్బాలో, ఒకటి కాఫీ హోటల్లో, ఇంకొకటి కొల్లేటి లంకలో ఒక పూరింటి చూరులో. మా తాతయ్యా నేనూ వాటి కోసం ఊరంతా తిరిగాం, పడవ కూడా ఎక్కాం. అలా తొమ్మిదేళ్ల వయసులో నేను ఇంగ్లండు తీరం చూసొచ్చాను.

రెండేళ్ల కిందట ఏలూరు నుంచి ఉద్యోగాలు అయిపోయిన ఆడవాళ్లం పన్నెండుమందిమి కలిసి, టూరు వాళ్ల బస్సులో ఆ ఊళ్లని నిజంగా కూడా చూసొచ్చాం. విట్‌బీలో కొండ మీద పాడుబడిన పాత మఠం, దాని దగ్గరికి ఎక్కేటప్పటికి మోకాళ్లు పట్టేసే రాతి మెట్లు. హేస్టింగ్స్‌లో జాలరులు వలలు దాచుకునే సన్నటి, ఎత్తైన నల్ల చెక్క గదులు. బ్రైటన్‌లో ఇనప స్తంభాల మీద సముద్రంలోకి పొడుగ్గా కట్టిన వంతెన. బాగానే ఉన్నాయి. చలి ఎక్కువ, గాలి మరీ ఎక్కువ, కాఫీ మాత్రం అన్యాయం. మావాళ్లంతా కొంగులు చెవులకి చుట్టుకుని ఫొటోలు తీసుకుంటూంటే నేను ఆ వంతెన చూసి, "ఇది దర్జీ గారి జీలకర్ర" అన్నాను. పక్కనున్నావిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "ఒంట్లో బాగానే ఉందాండీ మీకు?" అని అడిగింది. ఆవిడకి ఆ రోజు బస్సులో ఈ కథే చెప్పాను, ఒక్క ముక్క తప్ప.

మాది కిరాణా కొట్టు. ముందు గదిలో వ్యాపారం, వెనక గదుల్లో మేము. అప్పటికి ప్లాస్టిక్ సంచులు మా వైపు రాలేదు. జీలకర్రైనా, మిరపకాయలైనా, పంచదారైనా కాగితంలో పొట్లం కట్టి పురికొస చుట్టి ఇవ్వాల్సిందే. అందుకని పాత పుస్తకాలూ పేపర్లూ తూకానికి కొని కొట్లో ఒక మూల పోగేసేవాళ్లు. ఆ పోగు విషయంలో మా తాతయ్యకి ఒక నియమం ఉండేది. రెండు అట్టలూ ఉన్న పుస్తకం దొరికితే చించేవాడు కాదు. అది ఎవరికైనా చదువుకోవడానికి పనికొస్తుందని తుడిచి పై అరలో పెట్టేవాడు. ఏ ఒక్క అట్ట పోయినా అది పొట్లాలకే. తాతయ్యకి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు, ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. పుస్తకంలో ఏముందో తెలియనివాడికి అట్టలే ఆధారం కదా.

మా పక్కింటి అక్క అప్పుడు ఏలూరులో బి.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతోంది. పొద్దున్నే రైలెక్కి వెళ్లి సాయంత్రం రైల్లో వచ్చేది. మా వీధిలో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల. వాళ్ల నాన్నగారిది వరి వ్యవసాయం. మంచివారే కానీ, ఆడపిల్ల రోజూ రైలెక్కడం ఆయనకి మొదటి నుంచీ మింగుడుపడలేదు. "కాలేజీ నుంచి నీ మీద ఒక్క ఉత్తరం ముక్క వచ్చిందా, ఆ రోజుతో సరి" అని షరతు పెట్టి పంపించారు. ఆ మాట వీధిలో అందరికీ తెలుసు. ఎందుకంటే ఆయన మెల్లగా మాట్లాడడం ఎవరూ ఎరగరు.

పరీక్షలు దగ్గర పడ్డాయి. లైబ్రరీ పుస్తకాలన్నీ సోమవారంలోగా తిరిగిచ్చి, లైబ్రేరియన్ గారి చేత సంతకం పెట్టించుకుంటేనే హాల్ టికెట్టు. అక్క దగ్గర ఒక్క పుస్తకం మిగిలింది. నీలం గుడ్డ అట్టల పెద్ద పుస్తకం. ఇంగ్లండు తీరంలోని పాత ఊళ్లకి వెళ్లేవాళ్లు అక్కడ ఏం చూడాలో, ఎక్కడ దిగాలో చెప్పే పుస్తకం. ఆకుకొక ఊరు, ఊరికొక బొమ్మ. సాయంత్రాలు అక్క అరుగు మీద కూర్చుని నోట్సు రాసుకుంటూంటే నేను పక్కన చేరేదాన్ని. "ఇదిగో, ఈ మెట్లెక్కి పైకెళ్తే కోట. ఇక్కడ నిలబడితే ఓడలు కనిపిస్తాయి" అని అక్క తనేదో నిన్ననే వెళ్లొచ్చినట్టు చెప్పేది. గురువారం సాయంత్రం, "అక్కా, అక్కా, ఒక్క రోజు ఉంచుకుంటానక్కా" అని ప్రాణం తీసి ఆ పుస్తకం మా ఇంటికి తెచ్చుకున్నాను.

తెచ్చుకుని చేసిన ఘనకార్యం చెబుతాను. మర్నాడు మా బళ్లో పరీక్ష. కాగితం కింద పెట్టుకుని రాయడానికి అందరి దగ్గరా మంచి అట్టలున్నాయి, నా దగ్గర మాత్రం పెళ్లి శుభలేఖ అట్ట. పెన్ను నొక్కితే చిల్లు పడేది. అక్క పుస్తకం వెనక అట్ట నున్నగా, బిగువుగా ఉంది. దాని మీద ఒక్క అక్షరం రాసి లేదు. ఏమీ రాయని అట్ట ఎవరికి కావాలి అనుకున్నాను. కొట్లో పురికొస కోసే సగం బ్లేడు తెచ్చి, అట్ట మడత వెంబడి నీటుగా కోశాను. దాని మీద పెన్సిల్‌తో గులాబీ పువ్వు వేసి, కింద నా పేరు రాసి బడి సంచీలో పెట్టుకున్నాను. శుక్రవారం పొద్దున బడికి వెళ్తూ వెళ్తూ ఆ పుస్తకాన్ని ఎక్కడ పెట్టానో తెలుసా అండీ? పాత కాగితాల పోగు మీద.

శుక్రవారం మా ఊళ్లో సంత. చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ లంకల వాళ్లూ సామానుకి మా కొట్టుకే వచ్చేవాళ్లు. తాతయ్యకి తల ఎత్తే తీరిక ఉండేది కాదు. చేతికందిన పుస్తకం తీశాడు, వెనక అట్ట లేదు, సరే పొట్లాలకే అనుకున్నాడు. ముందు అట్ట కూడా లాగేసి, కుంటుతున్న బల్ల కాలి కింద ఎత్తు పెట్టాడు. సాయంత్రం రైలు దిగి అక్క పుస్తకం కోసం మా కొట్టుకొచ్చేసరికి తాతయ్య ఎవరికో ఇంగువ కడుతున్నాడు. ఆ కాగితం మీద లైట్‌హౌస్ బొమ్మ ఉంది.

"తాతగారూ," అంది అక్క. వేలుపెట్టి చూపించింది.

తాతయ్య చేతిలో పొట్లం ఆగిపోయింది. మిగిలిన ఆకులు వెతికితే సగానికి పైగా ఉన్నాయి. ముప్పై ఆరు ఆకులు మాత్రం ఊళ్లోకి వెళ్లిపోయాయి. అక్క కొట్టు మెట్టు మీద కూలబడి, "సోమవారం ఇవ్వకపోతే హాల్ టికెట్టు ఇవ్వరండీ. ఇంటికి ఉత్తరం రాస్తారండీ. నాన్నగారు ఇంక పంపించరు" అని ఏడ్చింది. మా నాయనమ్మ లోపలినుంచి పరిగెత్తుకొచ్చి, "అయ్యో అయ్యో, కళ్లు ఎక్కడ పెట్టుకున్నారండీ మీరు! అసలు ఆ పోగు మీద పెట్టినవాళ్లెవరు?" అని అరిచింది. నేను తూకం రాళ్లు పెద్దది నుంచి చిన్నదాకా వరసలో పేర్చడం మొదలుపెట్టాను. తాతయ్య నా వైపు ఒకసారి చూశాడు. "పొరపాటు నాదేనమ్మా," అన్నాడు అక్కతో. "ముప్పై ఆరూ పట్టుకొస్తాను. నువ్వు లోపలికెళ్లి కాస్త మజ్జిగ తాగు."

వ్యాపారం చేసే ఇంట పుట్టినవాళ్లకి తప్ప ఇందులో ఉన్న తలవంపు ఎవరికీ అర్థం కాదు. అమ్మిన పొట్లం వెనక్కి అడగడమంటే కొట్టువాడు తన పరువు తనే తీసుకోవడం. మర్నాడు పొద్దున తాతయ్య సంచీ నిండా కొత్త పొట్లాలు కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. మూడో ఇంటికి వెళ్లేసరికే ఊళ్లో మాట పాకిపోయింది. సరుకులో ఏదో కలిసిందట, అందుకని షావుకారు గారు పొట్లాలు వెనక్కి తీసుకుంటున్నారట! ఒకావిడ వీధిలోనే నిలబడి, "నిన్న రాత్రి ఆ పప్పే వండామండీ, పిల్లలకి పెట్టేశానండీ, ఇప్పుడేం చెయ్యమంటారు?" అని గుండెలు బాదుకుంది. తాతయ్య చేతులు జోడించి అదే మాట ఇంటింటా చెప్పాడు. "సరుకు నిక్షేపంలా ఉందమ్మా. కాగితమే తప్పు. పక్కింటి పిల్ల చదువు పుస్తకం నేనే చూడకుండా చించేశాను. పొరపాటు నాది. ఇదిగో, ఈ కొత్త పొట్లం తీసుకుని ఆ కాగితం ఇప్పించండి." ఆయన పక్కన నిలబడి నేను ఆ మాటలు ఇరవై సార్లో ముప్పై సార్లో విన్నాను. మొదట్లో చెవులు కాలాయి. తరవాత తరవాత, సిగ్గు లేకుండా చెబుతున్నాను, అలవాటైపోయింది.

దర్జీ గారి భార్య జీలకర్ర డబ్బాలోంచి బ్రైటన్ వంతెన తీసి ఇచ్చింది. ఒక ముసలావిడ ఆవకాయ జాడీ మూతికి విట్‌బీ మఠాన్ని కట్టింది. ఆ ఆకు ఎర్రటి నూనె పీల్చి అద్దంలా అయిపోయింది, అటువైపు అక్షరాలు ఇటువైపు కనిపించేవి. ఒకింట్లో కుర్రాడు కోట బొమ్మకి రంగులేసుకున్నాడు. వాడు ఇవ్వనని పొర్లి పొర్లి ఏడిస్తే తాతయ్య బెల్లం ముక్క పెట్టి ఊరుకోబెట్టాడు. కాఫీ హోటల్ ఆయన మాత్రం, "మిరపకాయల కాగితమాండీ? పొయ్యిలోకి వెళ్లిపోయిందండీ" అని విచారంగా బూడిద చూపించాడు. ఇంకొకటి పంచదార పొట్లంగా ఎవరో చుట్టాలతో బస్సెక్కి పెంటపాడు వెళ్లిపోయింది. ఏ చుట్టాలో, పెంటపాడులో ఏ ఇల్లో, అమ్మిన తాతయ్యకీ గుర్తులేదు.

ఆదివారం లంకకి వెళ్లాం. కొల్లేరు అప్పుడు నిండుగా ఉంది. తాతయ్యకి నీళ్లంటే భయం. దోనెలో గట్టిగా కళ్లు మూసుకుని కూర్చున్నాడు. సంతకి వచ్చి పసుపు పట్టుకెళ్లిన జాలరి దంపతుల ఇల్లది. ఆ ఇల్లాలు పసుపంటిన కాగితాన్ని చదును చేసి చూరులో దోపి దాచింది. రేవులో పడవలన్నీ బురదలో వాలిపోయి పడి ఉన్న బొమ్మ అది. "పాపం, ఎవరండీ వీళ్లు? నీళ్లు ఎండిపోతే బతుకుతెరువెలాగండీ వీళ్లకి?" అని తాతయ్యని అడిగింది. ఆవిడ భర్త నవ్వి, ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తను చూశాననీ, సముద్రం వెనక్కి తగ్గితే అలాగే ఉంటుందనీ, సాయంత్రానికి మళ్లీ వచ్చేస్తుందనీ చెప్పాడు. ఆవిడకి నమ్మకం కుదరలేదు. ఇచ్చేటప్పుడు కూడా, "వాళ్లకి నీళ్లొచ్చాయో లేదో కనుక్కుని చెప్పండేం" అంది. అరవై ఏళ్ల తరవాత నేను ఆ దేశంలో ఒక రేవు గట్టు మీద పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడి, బురదలోని పడవలు ఒకటొకటిగా లేచి తేలడం చూశాను. వచ్చాయి నీళ్లు. చెబుదామంటే ఆవిడ ఎక్కడుందో, ఆ లంకల్లో సగం చేపల చెరువులైపోయాయి.

ఆదివారం సాయంత్రానికి ముప్పై నాలుగు ఆకులు దొరికాయి. తాతయ్య వాటిని ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేశాడు. గోనె సంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో పుస్తకం మొత్తం కుట్టాడు. బల్ల కాలి కింది ముందు అట్ట తీసి అతికించాడు. వెనక అట్టకి సబ్బుల పెట్టె అట్ట కోసి పెట్టాడు. పోయిన రెండు ఊళ్ల గురించీ అక్క తన నోట్సులో చూసి, తెల్ల కాగితాల మీద చక్కని దస్తూరీతో రాసింది. నా బడి సంచీ గోడకి వేలాడుతోంది. అందులో గులాబీ పువ్వు అట్ట అలాగే ఉంది. అక్క, తాతయ్య, నాయనమ్మ ముగ్గురూ ఆ గోడ కిందే కూర్చుని పని చేశారు. తీసివ్వడానికి నాకు కావలసినంత సమయం ఉంది.

సోమవారం అక్కతో పాటు తాతయ్య ఏలూరు వచ్చాడు. నేనూ వస్తానన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఇంట్లో ఆ సంచీతో ఒక్కదాన్నే ఉండలేక అయి ఉంటుంది.

లైబ్రేరియన్ గారు సన్నగా, పొడుగ్గా, ముక్కు మీద కళ్లద్దాలతో ఉన్నారు. పుస్తకం తెరిచీ తెరవగానే తుమ్మారు. "ఏంటమ్మా ఇది? పుస్తకమా, పోపుల పెట్టా?" అన్నారు. తాతయ్య కథంతా చెప్పాడు, పొరపాటు నాదేనండీ అని ముగించాడు. దుమ్ము దులుపుతున్న ప్యూను నోటికి గుడ్డ అడ్డుపెట్టుకుని నవ్వాడు. లైబ్రేరియన్ గారికీ నవ్వొచ్చినట్టే ఉంది. ఇంగువ వాసన వేసే ఆకులు తిప్పారు, ఆవకాయ మఠాన్ని వెలుతురుకి పెట్టి చూశారు, అక్క రాసిన రెండు కాగితాలూ చదివారు. "పోయినవి పోయాయి. ఇంత కష్టపడి తెచ్చారు కదా" అని పెన్ను తీశారు. అక్క హాయిగా ఊపిరి వదలడం నాకు వినిపించింది.

సంతకం పెట్టబోతూ ఆయన పుస్తకం వెనక్కి తిప్పారు. సబ్బు పెట్టె అట్ట ఎత్తి, మడత దగ్గర గుడ్డని వేలితో తడిమారు. ఆయన ముఖం మారిపోయింది.

"ఇది చిరిగింది కాదే. బ్లేడుతో కోశారు."

తాతయ్య, "అదీ నేనేనండీ" అన్నాడు.

"ఎందుకు కోశారు?"

"పొట్లాలకండీ."

"అట్టతో పొట్లం కడతారా మీ ఊళ్లో?"

మా తాతయ్య అరవై ఏళ్లు కొట్లో కూర్చుని ఒక్క అబద్ధం కూడా ఆడకపోవడం వల్ల వచ్చిన నష్టం ఆ రోజు తెలిసింది. ఆ పని అసలు రాదు ఆయనకి. కండువా సర్దుకున్నాడు. లైబ్రేరియన్ గారు అక్క వైపు తిరిగారు. "పెద్దాయన నిన్ను వెనకేసుకొస్తున్నారని నాకు అర్థమైందమ్మా. అట్టలు కోసేదీ బొమ్మలు కోసేదీ స్టూడెంట్లే. నువ్వు కోసి పారేస్తే ఆయన పాత కాగితమనుకుని చించారు. పొరపాటైతే క్షమిస్తాను. బ్లేడు పట్టుకున్నవాళ్లకి సంతకం పెట్టను." అక్క, "నేను కాదండీ, ఒట్టండీ" అంది. ఆయన వినిపించుకోలేదు. సొరుగులోంచి తెల్ల కాగితం తీసి బల్ల మీద పెట్టుకున్నారు. ఇంటికి రాసే ఉత్తరం అది.

నీ పేరేంటి అని అడిగారు. అక్క చెప్పింది.

మీ నాన్నగారి పేరు అన్నారు. చెప్పింది.

ఏ వీధి అన్నారు. చెప్పింది. ఈసారి చాలా మెల్లగా చెప్పింది, ఆయన మళ్లీ అడిగితే మళ్లీ చెప్పింది.

నేను అక్కడే ఉన్నాను, బల్లకి ఇవతల, జానెడు దూరంలో. నాకు అంతా అర్థమవుతూనే ఉంది. పెద్దవాళ్లు ఉన్నారుగా, తాతయ్య ఏదో ఒకటి చేస్తాడులే అనుకున్నాను. నిజం చెప్పాలంటే అది కూడా కాదు, నాకు భయం వేసింది, అంతే. నా మీదికి రానంతవరకూ నాకు ఫరవాలేదనిపించింది. ఏ ఊరు అని ఆయన నాలుగో ప్రశ్న వేశారు. "భీమడోలండీ" అంటూ అక్క ఏడ్చేసింది. అప్పుడు నోరు తెరిచాను.

"నేనేనండీ కోసింది."

ఆయన నమ్మలేదు. నన్ను కూడా ఇందుకే తెచ్చారా అన్నట్టు తాతయ్యని చూశారు. అట్ట ఎక్కడుందో చెప్పమన్నారు. నా బడి సంచీలో ఉందనీ, పరీక్షకి కింద పెట్టుకోవడానికి కోశాననీ, దాని మీద గులాబీ పువ్వు వేశాననీ, కాడకి ముళ్లు కూడా పెట్టాననీ వెక్కుతూ చెప్పాను. ముళ్ల మాట దగ్గర ఆయన పెన్ను కింద పెట్టారు. కాసేపు నన్నే చూసి, రాస్తున్న కాగితం నాలుగు ముక్కలుగా చింపి బుట్టలో వేశారు. "రేపు ఆ అట్ట తెచ్చివ్వమ్మా" అని అక్కకి చెప్పి, సంతకం పెట్టారు.

రైలుకి ఇంకా టైముంది. ఏలూరు స్టేషన్లో అక్క మాకు దూరంగా, వేరే బెంచీ మీద కూర్చుంది. తాతయ్య చాలాసేపు కండువాతో మెడ తుడుచుకున్నాడు. నన్ను తిడతాడని చూశాను. ఆయన లేచి అక్క దగ్గరికి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను. "అమ్మాయ్," అన్నాడు, "శుక్రవారం రాత్రే ఆ సంచీలో అట్ట చూశాను. పసిపిల్ల కదా, నా నెత్తిన వేసుకుంటే పోతుందిలే అనుకున్నాను. అది నా నెత్తిన నిలబడలేదు, నిన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఈ పిల్ల తప్పు దీన్నే చెప్పనివ్వాల్సింది. నాదీ తప్పే, క్షమించమ్మా." తెల్లవెంట్రుకల మనిషి, ప్లాట్‌ఫారం మీద పదిమంది చూస్తుండగా అన్నాడు ఆ మాట. అక్క గబుక్కున లేచి, "అయ్యో, మీరలా అనకండి తాతగారూ" అంది. నా వైపు మాత్రం చూడలేదు.

మంగళవారానికల్లా మా నాయనమ్మ వీధంతా చెప్పేసింది. అంత పెద్దాయన ముందు, అంత కాలేజీలో, మా మనవరాలు ఎంత ధైర్యంగా నిజం చెప్పిందో చూశారా అని. వచ్చినవాళ్లందరూ నా బుగ్గలు పుణికారు. నేనూ తలొంచుకుని పుణికించుకున్నాను. అక్క పరీక్షలు రాసింది, ప్యాసైంది, ఆ తరవాత టీచరు ట్రైనింగుకి కూడా వెళ్లింది. నాతో నెలన్నర మాట్లాడలేదు. ఒకరోజు గోడ మీదినుంచి ఏదో కథల పుస్తకం అందిస్తూ, "అట్టలు రెండూ ఉన్నాయి, చూసుకుని తీసుకో" అంది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

తరవాత నేనూ చదువుకున్నాను, ఏలూరులోనే ఆఫీసులో ఉద్యోగం చేశాను. ఎప్పుడైనా పై ఆఫీసరు గదిలోకి పిలిచి ఈ కాగితం ఇలా ఎవరు చేశారని అడిగితే, నాదైతే వెంటనే చెప్పేసేదాన్ని. ఆలోచించుకోవడానికి ఒక్క క్షణం కూడా తీసుకునేదాన్ని కాదు. దానివల్ల చీవాట్లు తిన్నాను, ఒకసారి ప్రమోషనూ పోయింది. మా ఇంట్లో పిల్లలు తప్పు చేస్తే వెనకేసుకురాలేదు. రాతిగుండె అన్నారు కొందరు. అయి ఉండచ్చు.

ఇంగ్లండు నుంచి వచ్చాక, టూరులో నా నుదురు పట్టుకుని చూసినావిణ్ణి తీసుకుని తాడేపల్లిగూడెం వెళ్లాను. అక్క హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై ఇప్పుడు అక్కడే ఉంటోంది. ఎనభై దాటాయి, దేశం దాటి ఎప్పుడూ వెళ్లలేదు. ఫోన్లో ఫొటోలు చూపిస్తూంటే, పేర్లు చెప్పనివ్వకుండా ఇది ఫలానా, ఇది ఫలానా అని తనే చెప్పేసింది. రెండు చోట్ల నేను తప్పు చెబితే దిద్దింది. నా స్నేహితురాలు ముచ్చటపడిపోయి, "మీ కథంతా చెప్పిందండీ. తొమ్మిదేళ్ల పిల్ల అంత ధైర్యంగా ఒప్పేసుకుందంటే గొప్పే కదండీ!" అంది.

అక్క ఫోను నా చేతికిచ్చి నవ్వింది. కోపం లేదు ఆ నవ్వులో.

"ధైర్యవంతురాలే. నాలుగో ప్రశ్నకి చెప్పింది" అంది.

స్నేహితురాలికి అర్థం కాలేదు. కాఫీ తాగుతూ మళ్లీ ఫొటోల్లో పడిపోయింది. నేను గ్లాసు కింద పెట్టేశాను. నీ పేరేంటి, మీ నాన్నగారి పేరేంటి, ఏ వీధి, ఏ ఊరు. ఆ నాలుగూ నేనొక్కదాన్నే లెక్కపెట్టుకుని మోస్తున్నాననుకుంటూ ఇన్నేళ్లు గడిపేశాను. నాలుగింటికీ జవాబు చెప్పాల్సింది నేను. చెప్పింది అక్క.